యుద్ధానికి మనల్ని అడిగిందెవరు? – మీ ప్రశ్నలకి ఒక పాత సార్టర్ జవాబులు

రెండు వారాల కిందట ఇదే పేజీలో ఒక మాట అన్నాను. వీధికుక్కల బెడద మీద నాకు 31 ఉత్తరాలు వచ్చాయి, యుద్ధం గురించి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. 2025 మే నెలలో నాలుగు రోజులు ఊరంతా టీవీల ముందు కూర్చుంది కదా, ఎవరికీ ఏమీ అడగాలనిపించలేదా అని. కొందరికి కోపమొచ్చింది. ఆ కోపంలో సగం కుక్కకాటు బాధితులది, వాళ్ళకి నా క్షమాపణలు. మిగతా సగం ఇదిగో, ఈ వారం పేజీ.

కొత్తగా చదువుతున్నవారికి చెప్పాలి. నేను 1970 నుంచి 2010 దాకా బెజవాడ స్టేషను పక్కన ఆర్ఎంఎస్‌లో సార్టర్‌ని. అంటే రైళ్ళలో వచ్చే ఉత్తరాలని ఊళ్ళవారీగా గూళ్ళలో వేసి, సంచులకెక్కించి, సీలు వేసి పంపేవాణ్ణి. ఎవరికీ ఏనాడూ పాఠం చెప్పలేదు. అయినా 'మాస్టారూ' అనడం మీరు మానరు, నేనూ చెప్పడం మానేశాను.

ప్రశ్న: మాస్టారూ, మాది బ్రాడీపేటలో లేడీస్ హాస్టల్. మే 7 పొద్దున నిద్ర లేచేసరికి ఆపరేషన్ సిందూర్ దాడులు జరిగిపోయాయి. రెండు రోజులకి ఐపీఎల్ ఆపేశారు. మా రూములో రెండోదానికే ఎక్కువ టెన్షన్ పడ్డారు. నేనూ పడ్డాను, తర్వాత సిగ్గేసింది. అసలు మన దేశంలో యుద్ధం చెయ్యాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? పార్లమెంటుని అడగరా?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: సిగ్గేసిందన్నావు చూడు అమ్మాయ్, ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిట్లో ఆ మాట రాసింది నువ్వొక్కదానివే. ఐపీఎల్ వారం ఆగి మళ్ళీ మొదలైంది. నీ రెండో ప్రశ్న మాత్రం 1950 నుంచీ ఆగే ఉంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్రం చూసుకోవాల్సిన పనుల జాబితా ఉంటుంది. అందులో 15వ అంశం 'యుద్ధం, శాంతి'. అంతే, రెండు మాటలు. రాష్ట్రాలకి ఇందులో పని లేదని దాని అర్థం. 53వ అధికరణం సైన్యాలకి అధిపతి రాష్ట్రపతి అంటుంది. 74వ అధికరణం ఆ రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలంటుంది. ఈ రెండూ కలిపి చదివితే చివరికి తేలేది ఒక గది. అందులో ప్రధాని, రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు కూర్చుంటారు. భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ అంటారు దాన్ని. యుద్ధానికి ముందు పార్లమెంటు ఒప్పుకోవాలి అన్న వాక్యం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. యుద్ధం పేరు చెప్పి 352 కింద అత్యవసర పరిస్థితి పెడితే మాత్రం నెల లోపల రెండు సభలూ మూడింట రెండొంతుల ఓటుతో ఒప్పుకోవాలి. ఎమర్జెన్సీకి ఓటు కావాలి, యుద్ధానికి అక్కర్లేదు. నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

శత్రువు మీద పడుతుంటే సభ పిలిచి చేతులు లెక్కపెట్టమని నేననను. ఆ తర్వాతైనా అడగాలి కదా, అదీ నా గొడవ. దానికీ ఒక పద్ధతంటూ లేదు. 1962లో చైనా సైన్యం ఇంకా మన గడ్డ మీద ఉండగానే నెహ్రూ నవంబరు 8న పార్లమెంటుని ముందుకి జరిపి పిలిచాడు. పిలవమని గట్టిగా అడిగినవాళ్ళలో వాజపేయి ఒకరు. రహస్యంగా జరుపుకుందామని ఒక సభ్యుడు సూచిస్తే నెహ్రూ వద్దన్నాడు. సొంత పార్టీవాళ్ళు కూడా లేచి తిట్టారు. అదే వాజపేయి 1999లో ప్రధానిగా ఉన్నప్పుడు కార్గిల్ వచ్చింది. అప్పటికి ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయి లోక్‌సభ రద్దయి ఉంది. రాజ్యసభనైనా పిలవమని ప్రతిపక్షాలు అడిగితే పిలవలేదు. 2025లో ఏప్రిల్ 24న, మే 8న అఖిలపక్ష సమావేశాలు పెట్టారు. ప్రత్యేక సమావేశం మాత్రం పెట్టలేదు. లోక్‌సభలో చర్చ జులై 28న వర్షాకాల సమావేశాల్లో మొదలైంది. కాల్పులు ఆగింది మే 10న. మధ్యలో రెండున్నర నెలలు. ఈలోగా మనం ఐపీఎల్ ఫైనల్ చూసేశాం.

ఒక్క పాత సంగతి చెప్పి వదిలేస్తాను. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులెవర్నీ అడక్కుండా ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. గుంటూరు, బెజవాడ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవి. మమ్మల్ని అడగలేదని కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ దిగిపోయాయి, మద్రాసులో రాజాజీ కూడా ఆ అక్టోబరులో కుర్చీ దిగాడు. అడగలేదన్నందుకు మనవాళ్ళకి కోపం వచ్చిన రోజులున్నాయని చెప్పడానికే ఇదంతా.

ప్రశ్న: సార్, 1971లో నాకు పన్నెండేళ్ళు. మా వీధి వీధంతా ఒకే రేడియో చుట్టూ నిలబడేది. ఇప్పటి కుర్రాళ్ళకి యుద్ధమంటే ఫోనులో రీలు. దేశం మీద శ్రద్ధే లేదు. మీరేమంటారు?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీ మాట ఒప్పుకోను అంటాను. కుర్రాళ్ళని అనేముందు మనల్ని అప్పుడు ఏమడిగారో, వాళ్ళనిప్పుడు ఏమడుగుతున్నారో చూడండి.

1965లో నాకు పదిహేనేళ్ళు. తిండిగింజల కొరత, పైన యుద్ధం. సోమవారం రాత్రి భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రి అడిగాడు. మా అమ్మ సోమవారం సాయంత్రం పొయ్యి వెలిగించేది కాదు. అటుకుల్లో ఇంత బెల్లం ముక్క వేసి పెట్టేది. అటుకులు భోజనం కిందకి వస్తాయా రావా అని అన్నయ్యకీ నాకూ ప్రతి సోమవారం తగాదా. 'శాస్త్రిగారికి కార్డు రాసి కనుక్కోండిరా' అనేది అమ్మ.

1971 నవంబరులో అయితే నేను డ్యూటీలోనే ఉన్నాను. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు కోటిమంది దాకా వచ్చిపడ్డారు. వాళ్ళ ఖర్చు కోసం ఉత్తరాల మీద ఐదు పైసల స్టాంపు అదనంగా అంటించాలన్నారు. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగే టైము లేక, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న పాత ఐదు పైసల స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని ముద్ర గుద్ది పంపారు. ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా, ఒక్కోటి తలకిందులుగా కూడా ఉండేది. అది 1973 దాకా సాగింది. సంచి విప్పి టేబుల్ మీద కుమ్మరిస్తే ప్రతి కవరు మూలా ఆ చిన్న స్టాంపు. పెళ్ళి కబురు రాసినా అప్పు అడిగినా సరే, యుద్ధం దాని మీద అంటుకుని వచ్చేది. మనం నాలికతో తడిపి అంటించాం కాబట్టి మనకి తెలిసింది. రేడియో వల్ల ఒక్కదాని వల్లే కాదు.

ఇప్పుడు? 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకి 6,81,210 కోట్లు. అందులో మీదీ నాదీ ఉంది, ఆ కుర్రాడు కొన్న ఫోను మీద కట్టిన జీఎస్‌టీ కూడా ఉంది. వాడికి తెలీదు. తెలియాల్సిన అవసరం ఎవరూ కల్పించలేదు. 2023 మార్చి 23న లోక్‌సభ సుమారు 45 లక్షల కోట్ల పద్దులన్నీ చర్చ లేకుండా నిమిషాల్లో ఆమోదించేసింది. రక్షణ కూడా అందులోదే. గిలటిన్ అంటారు దాన్ని, తల నరికే యంత్రం పేరు. సభలో ఆ రోజు అధికారపక్షమూ అరిచింది, ప్రతిపక్షమూ అరిచింది, అరుపులు వేరే విషయాల మీద. ఒకప్పుడు మన పెదనందిపాడు ఫిర్కా రైతులు 1921-22లో పన్ను కట్టం పొమ్మని తెల్లవాడి మీద తిరగబడ్డారు. డబ్బిచ్చేవాడికి అడిగే హక్కుందని వాళ్ళకి తెలుసు. ఆ పక్క జిల్లా వాళ్ళమే మనమూను.

రీలు సంగతికొస్తే, మీకు పద్యనాటకాలు తెలిసే ఉంటాయి. కృష్ణ రాయబారం సీనులో కృష్ణుడు సంధి కోసం వచ్చాడు, సంధి కుదరకపోతే వంశాలు నాశనం. జనం ఏమనేవాళ్ళు? 'వన్స్ మోర్!' హార్మోనిస్టు మళ్ళీ ఎత్తుకునేవాడు, కృష్ణుడు మళ్ళీ బెదిరించేవాడు. నేనూ ఈల వేశాను. ఆ లెక్కన ఇప్పటి కుర్రాళ్ళు రీలుని రెండోసారి చూస్తే మనకి బాధెందుకు?

ప్రశ్న: యుద్ధం వచ్చేలా ఉంటే ముందే బంగారం కొనిపెట్టుకోవడం మంచిదా?
– గృహిణి, మంగళగిరి

జవాబు: బంగారం కొట్టువాణ్ణి అడగండి, తప్పకుండా మంచిదంటాడు. 1962లో మన ఆడవాళ్ళు గాజులు తీసి జాతీయ రక్షణ నిధికి ఇచ్చారు. కొనడం గురించి అప్పట్లో ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

ప్రశ్న: బాబాయిగారూ, మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు, ఇప్పుడు జమ్మూ వైపు. మే నెలలో మూడు రోజులు ఫోను కలవలేదు. మా వీధిలో ఒకాయన వరండాలో టీవీ పెట్టుకుని 'ఈసారి లాహోరు దాకా పోవాల్సిందే' అని అరుస్తుంటే గేటు వేసుకుని లోపలికొచ్చేశాను. పదో తారీఖు కాల్పులు ఆగాయంటే ఆయన 'ఛ' అన్నాడు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టాను. నాకు దేశభక్తి తక్కువా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తక్కువ కాదమ్మా. మీ దీపం సరైనదే. ఆ వరండా ఆయన్ని నేను తిట్టలేను గాని, ఎందుకు తిట్టలేనో చెప్తాను. కొంచెం పెద్ద కథ.

1987 అక్టోబరు ఆఖరు. నాది నైట్ సెట్. సైనికుల ఉత్తరాలకి మా దగ్గర వేరే గూడు ఉండేది. ఆ చిరునామాల్లో ఊరు ఉండదు. మీకు తెలుసు, ఇంతకుముందు మీరూ రాసే ఉంటారు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపు అయితే 99 ఏపీఓ. మనిషి జోధ్‌పూర్‌లో ఉన్నా జాఫ్నాలో ఉన్నా అదే 56. కొడుకు ఏ దేశంలో ఉన్నాడో తల్లికి కూడా చిరునామా చెప్పదు. ఆ నెల ఆ గూడు పొంగిపొర్లింది. కట్ట కట్టి తీసేసరికి మళ్ళీ నిండేది.

ఒక ఇన్‌లాండ్ లెటరు చేతికొచ్చింది. నాలుగు మూలలా పసుపు. పంపినవారి చిరునామా చూస్తే సత్యనారాయణపురంలో మా పక్క సందు. నాకు తెలిసిన ఇల్లే. కోడలు ప్రసవించింది, ఆ కబురన్నమాట. తండ్రికి ఇంకా తెలీదు. పసుపు నా బొటనవేలికి అంటింది. ప్యాంటుకి తుడుచుకుని ఉత్తరం గూట్లో పడేశాను. మూడు గంటల బండికి సంచి కట్టాలి, టైము లేదు.

ఆ అబ్బాయి అప్పుడు శ్రీలంకలో ఉన్నాడు. జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనె కొలంబోలో సంతకాలు పెట్టారు, మర్నాటికల్లా మన సైన్యం దిగడం మొదలెట్టింది. ఇలాంటి ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం ఉండాలన్న నియమం మన దగ్గర లేదు. 'శాంతి సేన' అన్నారు. పేరులోనే శాంతి ఉంది కదా అని మనం పేపరు మడిచేశాం. అక్టోబరుకల్లా ఏ తమిళులని కాపాడ్డానికి వెళ్ళారో వాళ్ళ గడ్డ మీదే తమిళ పులులతో, అదే ఎల్‌టీటీఈతో, యుద్ధం చేస్తున్నారు. 1990 మార్చికి గాని ఆఖరి దళం వెనక్కి రాలేదు. వెయ్యిమందికి పైగా మనవాళ్ళు అక్కడ చనిపోయారు. తిరిగొచ్చి మద్రాసు రేవులో దిగితే అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. ఈ సైన్యం చేతుల్లో తమిళులు చచ్చిపోయారన్నది ఆయన కారణం. తమిళులకి కోపమైనా ఉంది. మనకి అదీ లేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు ఉన్నాం.

ఆ అబ్బాయి ఆ ఎండాకాలం ఇంటికొచ్చాడు. ఎడమ చెవి వినపడ్డం తగ్గింది, మనం ఎడమ పక్కనుంచి మాట్లాడితే మొహం తిప్పి కుడి చెవి పెట్టేవాడు. కూతురికి మూడో ఏడు, కొత్తవాణ్ణి చూసినట్టు చూసి దూరంగా పోయేది. ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. నేను ఏమడిగానో తెలుసా అమ్మా? 'ఏమోయ్, అక్కడ ఫారిన్ సామాన్లు చవకట గదా, టూ-ఇన్-వన్ ఏమైనా తెచ్చావా?' అన్నాను.

'లేదు బాబాయ్' అన్నాడు. నవ్వాడు కూడా. కాఫీ తాగి, గ్లాసు తొలిపి బోర్లించి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళు అతని ఉత్తరాలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఎందుకు వెళ్ళావని గాని, ఎవరు పంపారని గాని, ఏం జరిగిందని గాని నేనడగలేదు. అతన్ని అడగకపోతే పోనీ, ఎన్నికలప్పుడు మా వీధికొచ్చిన వాళ్ళని కూడా అడగలేదు. మంచినీళ్ళ కుళాయి గురించి అడిగాను. మీ వరండా ఆయన ముప్ఫై ఐదేళ్ళ కిందటి నేనే అనుకోండి, కాస్త గొంతు పెద్దది.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఉంది, మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో. ఆ ఊళ్ళో యుద్ధం వార్త వినేటప్పుడు ఎవరైనా 'లాహోరు' అని అరుస్తారేమో నాకు అనుమానమే. మొన్న మే నెలలో సరిహద్దులో కాల్పులకి చనిపోయిన అగ్నివీర్ సత్యసాయి జిల్లాలో ఒక తండా కుర్రాడు. బెంజ్ సర్కిల్ అపార్ట్‌మెంట్లలో ఉన్న నా మనవళ్ళ స్నేహితుల్లో ఒక్కడూ సైన్యానికి వెళ్ళలేదు, వెళ్ళాలన్న ఊసు కూడా ఎత్తరు. తప్పు పట్టడం లేదు. లాహోరుకి ఎవరి కాళ్ళతో పోవాలో మాత్రం అరిచేవాడికి తెలిసుండాలి.

మీ అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు ఆ వరండా ఆయన్ని ఒకసారి కాఫీకి పిలవండి.

ప్రశ్న: మా వాడు డాలస్‌లో ఉంటాడు. అమెరికాలో 1973 నుంచి చట్టం ఉందట, ప్రెసిడెంటు ఇష్టం వచ్చినట్టు యుద్ధం చెయ్యడానికి లేదట. అలాంటి చట్టం మనకీ చేస్తే సరిపోదా?
– నరసరావుపేట

జవాబు: చట్టం ఉన్న మాట నిజం. సైన్యాన్ని యుద్ధంలోకి దించితే 48 గంటల్లో కాంగ్రెస్‌కి చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి, వెనక్కి రావడానికి ఇంకో 30 రోజులు. నిక్సన్ వీటో చేసినా తోసేసి మరీ చేశారు. 2011లో లిబియా మీద బాంబులు వేస్తూ 60 రోజులు దాటిపోయాయి. అప్పుడు ఒబామా ప్రభుత్వం ఏమందంటే, ఇది ఆ చట్టంలో చెప్పిన తగాదాల కిందకి రాదు అని. మా ఇంట్లో అటుకుల వాదనే. అమెరికా కాంగ్రెస్ లాంఛనంగా యుద్ధం ప్రకటించడం 1942 జూన్‌తో ఆఖరు. ఆ తర్వాత వాళ్ళు ఎన్ని చేశారో మీవాణ్ణి లెక్కపెట్టమనండి.

అడిగితే మాత్రం ఏమవుతుంది అన్నదానికీ అక్కడే సాక్ష్యం ఉంది. 1964 ఆగస్టులో వియత్నాంలో సైన్యాన్ని వాడే అధికారం ప్రెసిడెంటుకిస్తూ టోంకిన్ తీర్మానం పెడితే దిగువ సభలో 416 అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేట్‌లో 88 అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. ఆ ఇద్దరూ, మోర్స్, గ్రునింగ్, 1968లో సీట్లు పోగొట్టుకున్నారు. అమెరికా జనం ఆ తర్వాత రోడ్డెక్కింది. పిల్లల పుట్టినరోజులు లాటరీ తీసి సైన్యానికి పంపడం కూడా మొదలైంది. 1969 డిసెంబరు 1న గాజు జాడీలోంచి తారీఖులు తీశారు. అంతకుముందూ నిర్బంధ సైన్యం ఉంది గాని, మన వాడి తారీఖు టీవీలో చదువుతుంటే చూడ్డం వేరు. 1973లో ఆ పద్ధతి తీసేశారు. ఇష్టపడి చేరినవాళ్ళే సైన్యం. మంచిదే. దాంతో ఊళ్ళో మిగతావాళ్ళకి యుద్ధం పట్టించుకోవాల్సిన పని కూడా తగ్గిపోయింది.

ఇంగ్లండులో ఇలాంటి చట్టమే లేదు. 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి కామెరాన్ పార్లమెంటు ఓటు అడిగాడు, 285కి 272తో ఓడిపోయాడు, మానుకున్నాడు. అప్పటికి పదేళ్ళ కిందట ఇరాక్‌లో దిగబడ్డ సంగతి అక్కడి జనం, ఎంపీలు ఇంకా మర్చిపోలేదు. చట్టం ఉన్నచోట ఆగలేదు, లేనిచోట ఆగింది. అయినా మనకీ చట్టం వస్తే నేను సంతోషిస్తాను.

ప్రశ్న: లెనిన్ సెంటర్లో పాతిక మంది అట్టలు పట్టుకుని 'యుద్ధం వద్దు' అని నిలబడతారు. ట్రాఫిక్ జామ్ తప్ప దాని వల్ల ఒరిగేదేమిటండీ?
– ఆటోనగర్ మెకానిక్, విజయవాడ

జవాబు: నేనూ ఇలాగే అనుకున్నాను బాబూ. 2003 మార్చిలో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైనప్పుడు డ్యూటీ దిగి వస్తుంటే అక్కడే ముప్ఫై మంది దాకా ఎండలో నిలబడి ఉన్నారు. పాత పుస్తకాల కొట్టు దగ్గర ఆగి, 'బుష్‌కి వినపడుతుందంటావా' అని కొట్టతనితో జోకు వేశాను. అతను నవ్వలేదు. బేరం పోతుందని దిగులుగా ఉన్నాడు.

బుష్‌కి వినపడలేదు. కాని ఆ ఏప్రిల్ 8న మన లోక్‌సభ ఆ యుద్ధాన్ని నిందిస్తూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ మాట కోసమే పార్టీల మధ్య బేరసారాలు జరిగాయి, హిందీలో 'నిందా' అని పెట్టుకున్నారు, ఇంగ్లీషులో కాస్త మెత్తటి మాట వేశారు. తర్వాత అమెరికా మన సైన్యాన్ని ఇరాక్‌కి పంపమని అడిగింది, ఒక డివిజను, అంటే వేలమంది. ప్రభుత్వంలోనూ పంపుదామన్నవాళ్ళు ఉన్నారు. జులై 14న ఇందాక చెప్పిన ఆ ఐదుగురి గది కూర్చుని, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపలేమని తేల్చింది. పంపి ఉంటే నా గూడు మళ్ళీ పొంగేది.

లెనిన్ సెంటర్ వల్లే ఆగిందని నేను చెప్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు. ఎన్నికలు దగ్గరకొచ్చాయి, ప్రతిపక్షాలన్నీ వద్దన్నాయి, గల్ఫ్‌లో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఇవన్నీ ఆ గదిలోకి వెళ్ళాయి. అయితే యుద్ధాన్ని నిందించే తీర్మానం దాకా ఎంపీలందర్నీ తెచ్చినవాళ్ళలో దేశమంతా ఇలాంటి సెంటర్లలో ఎండలో నిలబడ్డ పాతికలూ ముప్ఫైలూ ఉన్నారనుకుంటాను. ఆ రోజు నేను వేసిన జోకు ఎవరికీ ఉపయోగపడలేదు.

ట్రాఫిక్ జామ్ మాట నిజమే. బందరు రోడ్డు మీదుగా వెళ్ళండి.

ప్రశ్న: అందరికీ చెప్తున్నారు, మీరు ఎప్పుడైనా మీ ఎంపీని యుద్ధం గురించి ఏమైనా అడిగారా?
– పేరు వద్దన్నారు, పొన్నూరు

జవాబు: అడిగాను. ఆలస్యంగానే, డెబ్భై ఐదేళ్ళు వచ్చాక. 2025 జులై చివర్లో, సభలో సిందూర్ చర్చ జరుగుతుండగా ఉత్తరం రాశాను. ఏ ఎంపీ అన్నది అనవసరం.

రెండే సంగతులు అడిగాను. సరిహద్దు ఊళ్ళలో గుండ్లకి ఇళ్ళు పోయినవాళ్ళకి ఎంత ఇచ్చారు అన్నది ఒకటి. రెండోది, కార్గిల్ తర్వాత కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేసి, ఆ నివేదికని కొన్ని భాగాలు తీసేసి అయినా 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు. ఈసారి అలాంటిది వేస్తారా, లేక 1962 ఓటమి మీద సైన్యం రాసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికలాగా ఆరు దశాబ్దాలు బీరువాలోనే ఉంచుతారా అని. ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసిస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. చెప్పలేనిది ఉంటే దేశభద్రత అని చెప్పి ఊరుకోవచ్చు, ఆ మాటైనా రికార్డులో ఉంటుంది. ఇదంతా ఉత్తరంలో రాశాను, పాపం ఆయనకి తెలీదని కాదు.

రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నారని అప్పుడే వార్తలొస్తున్నాయి. పాత అలవాటు కొద్దీ రిజిస్టరు చేసి, రసీదు కార్డు జత చేసి పంపాను. పన్నెండో రోజున కార్డు తిరిగొచ్చింది. సంతకం ఉంది, ఆఫీసు ముద్ర ఉంది, తారీఖు మాత్రం చెరిగిపోయింది. ముద్ర సరిగా వెయ్యడం ఈ కాలంలో ఎవరికీ రాదు.

జవాబు రాలేదు. ఆగస్టు 15 పొద్దున ఎంపీగారి ఫోటోతో స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షల మెసేజ్ నా సెల్‌కి వచ్చింది. ఉత్తరం కింద నా నంబరు వేశాను లెండి.